జ్వరం తగ్గింది సరే, మిగిలిన మాత్రలో?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సూర్యలంక నుంచి ఒక చెల్లెలు రాసింది ఉంది. అది చదివాక ఆవకాయ సందేహాలూ, చీరల మీద మరకల సందేహాలూ వచ్చే వారానికి వాయిదా వేశాను. వాటికి తొందర లేదు. దీనికుంది.

ఆమె రాసిందేమిటంటే: “అక్కా! సెలవుల్లో పిల్లల్ని తీసుకుని పాడేరులో ఉంటున్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. అరకు, బొర్రా గుహలు అన్నీ చూసొచ్చాం. వచ్చిన మూడు వారాలకి మా ఆరేళ్ళ బాబుకి చలిజ్వరం పట్టుకుంది. బాపట్లలో రక్తపరీక్ష చేయించి, మలేరియా, వైవాక్స్ రకం అన్నారు. మూడు రోజులకి ఒక రకం మాత్రలు, పద్నాలుగు రోజులకి ఇంకో రకం మాత్రలు ఇచ్చారు. రెండో రోజుకే జ్వరం తగ్గింది. నాలుగు రోజులు వేశాక మా అత్తగారు ‘తిరిగి ఆడుకుంటున్న పిల్లాడికి ఆ వేడి మందులెందుకే, ఆపెయ్’ అన్నారు. ఆపి రెండు రోజులైంది. మిగిలిన మాత్రలు దాచాను. మా పదినెలల పాపకి జ్వరం వస్తే అందులోంచి పావు ముక్క వెయ్యొచ్చా? మావారి పిన్నికి మలేరియా ఎన్నిసార్లు మందు వాడినా తిరగబెట్టింది. ఇది మందులకి లొంగని మలేరియాట కదా! అలాంటప్పుడు పిల్లాడికి అన్ని మాత్రలు మింగించి లాభమేమిటి?”

చూశారా! ఒక్క కార్డుముక్కలో నాలుగు ప్రశ్నలు. మనలో ఎంతమంది ఇళ్ళలో ఇవే మాటలు వినపడవు చెప్పండి? అందుకే ఈ జవాబు ఆ ఒక్క చెల్లెలికే కాదు, పిల్లలున్న మీ అందరికీ.

ముందు తొందరగా చెయ్యవలసినవి చెబుతాను. చెల్లెమ్మా! పాపకి ఆ మాత్ర ముక్క కాదు కదా, పొడి కూడా వెయ్యొద్దు. బాబు చీటీ, మిగిలిన మాత్రలు పట్టుకుని ఇవాళే మళ్ళీ ఆ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళండి. రెండు రోజులు మానేశామని దాచకుండా చెప్పండి. మానేసిన రోజులవి కూడా కలిపి మీ అంతట మీరు రెట్టింపు వెయ్యకండి. ఎన్ని రోజులు, ఎలా వెయ్యాలో ఆయనే చెబుతారు. ఆపినందుకు కోప్పడతారేమోనని వెళ్ళడం మానకండి. ఆ కోపం రెండు నిమిషాలు, మలేరియా తిరగబెడితే నెలలు.

ఇక అసలు సంగతికొద్దాం.

ఇసకలో మిగిలిన కాయ

జ్వరం తగ్గడం వేరు, మలేరియా పోవడం వేరు. ఈ ఒక్క మాట గుర్తుంటే ఈ వారం నేను రాసిందంతా గుర్తున్నట్టే.

బాపట్ల ఇసక నేలల్లో వేరుశనగ వేసేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. మొక్కలన్నీ పీకేసి, కాయలు కోసేసుకుని, చేను ఖాళీ అయిపోయిందనుకుంటాం. కానీ ఇసకలో ఎక్కడో కాసిని కాయలు ఉండిపోతాయి. తొలకరి పడగానే ‘నేనున్నా’నంటూ మొలుస్తాయి. వైవాక్స్ మలేరియా క్రిమి చేసేదీ ఇదే. దోమ కుట్టినప్పుడు లోపలికి పోయిన క్రిములు ముందు కాలేయంలో చేరతాయి. కొన్ని అక్కడ పెరిగి రక్తంలోకొచ్చి చలి, జ్వరం తెస్తాయి. కొన్ని మాత్రం కాలేయంలోనే కదలకుండా నిద్రపోతాయి. వారాల తరవాతో, నెలల తరవాతో లేస్తాయి.

మొదటి మూడు రోజులూ ఇచ్చే క్లోరోక్విన్ రక్తంలో ఉన్న క్రిముల్ని చంపుతుంది. అందుకే జ్వరం ఇట్టే దిగుతుంది. కాలేయంలో నిద్రపోతున్నవాటిని అది ముట్టుకోలేదు. ఆ పని ప్రైమాక్విన్‌ది. పద్నాలుగు రోజులు వేసుకోమనేది దాన్నే. నాలుగో రోజున ఆపితే చేను సగం తవ్వి ఇంటికొచ్చినట్టే.

కాబట్టి మీవారి పిన్నిగారికి మళ్ళీ మళ్ళీ రావడానికి కారణం మందుకి లొంగకపోవడమే కానక్కర్లేదు. మన దేశంలో వైవాక్స్ రకం ఇప్పటికీ చాలావరకు క్లోరోక్విన్‌కి లొంగుతూనే ఉంది. జ్వరం తిరిగి రావడానికి నాలుగు దారులున్నాయి. కాలేయంలో నిద్రపోయిన క్రిమి లేవడం ఒకటి. మోతాదు చాలకపోవడమో, వేసిన మాత్ర వాంతిలో పోవడమో రెండోది. కొత్తగా ఇంకో దోమ కుట్టడం మూడోది. క్రిమి నిజంగానే మందుకి లొంగకపోవడం నాలుగోది. మనం నాలుగోదాన్ని ముందు తలుచుకుని, మన చేతిలో ఉన్న రెండిటినీ మరిచిపోతాం!

మొండి క్రిమి ఎలా పుట్టుకొస్తుంది?

అలాగని మందుకి లొంగని మలేరియా కట్టుకథ కాదు. మలేరియాలో ఫాల్సిపేరం అని ఇంకో రకం ఉంది. మన మన్యంలో కనిపించేది ఎక్కువగా ఇదే. పిల్లల ప్రాణం మీదికి తెచ్చేదీ, మెదడుకెక్కి మూర్ఛలు తెప్పించేదీ ఎక్కువగా ఇదే.

క్లోరోక్విన్‌ని జర్మనీలో 1934లో తయారు చేశారు. రెండో ప్రపంచయుద్ధం తరవాత అది ప్రపంచమంతా పాకింది. చవక, పిల్లలకీ పెద్దలకీ పనికొచ్చేది, మూడు రోజుల్లో గుణమిచ్చేది. ఇంకేం కావాలి! అందరూ అన్ని జ్వరాలకీ వాడేశారు. 1950ల చివరికల్లా థాయిలాండ్-కంబోడియా సరిహద్దులోనూ, దక్షిణ అమెరికాలో కొలంబియాలోనూ ఫాల్సిపేరం దానికి లొంగడం మానేసింది. మన దేశంలో 1973లో అస్సాంలో మొదటిసారి బయటపడింది. ఆ దశాబ్దం చివరికి తూర్పు ఆఫ్రికాలో కనిపించింది. అక్కడ పసిపిల్లలకి ముఖ్యంగా ఇచ్చేది ఆ మందే. అది పని చెయ్యకపోయేసరికి 1980ల్లో, 1990ల్లో మలేరియాతో పోయే పిల్లల సంఖ్య పెరిగిపోయింది.

ఇది ఎలా జరుగుతుందంటారా? వరిచేలో కలుపుమందు తక్కువ మోతాదులో కొట్టారనుకోండి. లేత గడ్డి చస్తుంది. మొండి తుంగ మిగులుతుంది. వచ్చే పంటకి చేను నిండా దాని సంతానమే. పిల్లాడి ఒంట్లోనూ అంతే. పుట్టుకతోనే కాస్త మొండివైన క్రిములు కోట్లలో ఏ ఒకటో రెండో ఉంటాయి. పూర్తి మోతాదు పడితే మామూలు క్రిములతోపాటు వాటినీ అణిచేసే అవకాశం ఎక్కువ. అర మోతాదు పడితే మామూలు క్రిములు చచ్చి, మొండివి బతికి, వాటికి పోటీ లేకుండా పోతుంది. అప్పుడు ఒక దోమ వచ్చి ఆ పిల్లాణ్ణి కుట్టి, పక్కింటి పిల్లాణ్ణి కుట్టిందా, మొండి క్రిమి ఇల్లు మారినట్టే.

అందుకే 2010 నుంచి మన దేశమంతటా ఫాల్సిపేరంకి క్లోరోక్విన్ ఇవ్వడం మానేసి, ఆర్టిమిసినిన్ జాతి మందుని ఇంకో మందుతో జతచేసి మూడు రోజులు ఇస్తున్నారు. తలుపుకి గొళ్ళెమూ తాళమూ రెండూ వేసినట్టన్నమాట. ఒకటి తప్పించుకున్న క్రిమి రెండోదానికి దొరుకుతుంది. ఆర్టిమిసినిన్ జాతి మాత్రని జత లేకుండా ఒంటరిగా అమ్మడాన్ని మన ప్రభుత్వం నిషేధించింది కూడా ఇందుకే.

ఈ ఆర్టిమిసినిన్‌ని మనకిచ్చింది ఒక స్త్రీ అని మీకు తెలుసా? చైనాకి చెందిన తూ యూయూ. వాళ్ళ పాత వైద్యగ్రంథాలు వెతికి, మాచిపత్రి జాతికే చెందిన ఒక మొక్కలోంచి 1970ల మొదట్లో తన బృందంతో దీన్ని తీశారు. రోగులకివ్వడానికి ముందు తాను మింగి చూసుకున్నారు. 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అంతటి కష్టంతో వచ్చిన మందుకి కూడా గండి పడుతోంది. 2008లో కంబోడియాలో, 2020 తరవాత ఆఫ్రికాలో రువాండా, ఉగాండాలలో దానికి నెమ్మదిగా లొంగే క్రిములు బయటపడ్డాయి. జత మందుల్లో రెండో మందుకీ ఇదే గొడవ. మన ఈశాన్య రాష్ట్రాల్లో అది సరిగా పని చెయ్యక 2013లో అక్కడ జతని మార్చారు.

ఒక మంచి మాట కూడా చెబుతాను. ఆఫ్రికాలో మలావీ అనే చిన్న దేశం 1993లో క్లోరోక్విన్‌ని పూర్తిగా పక్కన పెట్టింది. పన్నెండేళ్ళ తరవాత అక్కడి పిల్లల మీద మళ్ళీ పరీక్షించి చూస్తే అది ఫాల్సిపేరం మీద చక్కగా పని చేసింది. మందు వాడకం ఆగాక మొండి క్రిమి వెనకబడింది. అంటే మనం వాడే తీరుని బట్టే మందుకి ఆయుష్షు!

మా నాయనమ్మ పోపులపెట్టె

ఇది చెబుతుంటే నా చిన్నతనం గుర్తొస్తోంది. 1965 నాటికి దేశంలో ఏడాదికి లక్షకి దిగివచ్చిన మలేరియా కేసులు 1976కి 64 లక్షలకి ఎగబాకాయి. ఆ రోజుల్లో మలేరియా ఉద్యోగి సైకిలు మీద మా ఊరొచ్చి, జ్వరమున్నవాళ్ళ వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తపుచుక్క తీసుకుని, నాలుగు బిళ్లలిచ్చి, గోడ మీద తేదీ వేసి వెళ్ళేవాడు. మా నాయనమ్మ జ్వరం తగ్గిందని రెండు వేసుకుని రెండు పోపులపెట్టెలో దాచేది. పాపం, ఆవిడ దృష్టిలో అది పొదుపు.

ఒకసారి మా తమ్ముడికి జ్వరమొచ్చింది. నాలుగేళ్ళవాడు. ఆవిడ పెట్టెలోంచి అర బిళ్ల తీసి తేనెలో రంగరించి నాకించింది. మర్నాడు కాస్త చల్లబడ్డాడు. ‘చూశావా!’ అంది. మూడో రోజు మధ్యాహ్నం వాడు కళ్ళు తేలేసి కొట్టుకున్నాడు. బండి కట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. పదిహేను రోజులకి ఇంటికొచ్చాడు, బతికాడు. ఆ తరవాత ఆ పెట్టెలో ఆవాలూ మెంతులూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. తమ్ముడికి ఏమైందోనని నాయనమ్మ ఆ పదిహేను రోజులూ తిండి తినలేదని అమ్మ చెప్పేది. ప్రేమ లేక కాదు, తెలియక. మీ అత్తగారూ అంతే చెల్లెమ్మా! ఆవిడతో దెబ్బలాడకండి. ఇది చదివి వినిపించండి.

పాపకి ఎందుకు వెయ్యకూడదంటే

ప్రైమాక్విన్ ఏడాది లోపు పిల్లలకి ఇవ్వకూడదు. గర్భిణులకి అసలు ఇవ్వకూడదు. కొందరికి పుట్టుకతోనే రక్తకణాల్లో జి6పిడి అనే ఒక పదార్థం తక్కువ ఉంటుంది. వాళ్ళకి ఈ మాత్ర పడితే రక్తకణాలు చితికిపోతాయి. అందుకే పెద్ద పిల్లలకి వేసేటప్పుడు కూడా ఒక కన్నేసి ఉంచాలి. మూత్రం నల్లగా, డికాషన్ రంగులో వచ్చినా, కళ్ళు పచ్చబడినా, పెదవులు నీలంగా మారినా, పిల్లాడు ఆయాసపడినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. డాక్టరుని అడక్కుండా ఆపదగ్గ సందర్భం ఇదొక్కటే. ‘వేడి చేస్తుందేమో’ అన్నది సందర్భం కాదు.

మలేరియా మందు పిల్లల బరువుని బట్టి, వయసుని బట్టి లెక్క కట్టి ఇచ్చేది. పెద్ద మాత్రని గోటితో గిల్లితే చిన్న మోతాదు అవదు. ఐదు కిలోల లోపు పసికందులకి సరిపడేలా తయారుచేసిన మలేరియా మందుకి స్విట్జర్లాండ్‌లో అనుమతి దొరికింది 2025లోనంటే, పిల్లల మోతాదు ఎంత సున్నితమైన లెక్కో చూడండి! 2013 నాటి మన జాతీయ మార్గదర్శకాల్లో ఫాల్సిపేరం మందు అట్టలకి వయసువారీ రంగులు పెట్టారు. ఏడాది లోపుకి గులాబీ, ఒకటి నుంచి నాలుగేళ్ళకి పసుపు, ఐదు నుంచి ఎనిమిదికి ఆకుపచ్చ, తొమ్మిది నుంచి పద్నాలుగుకి ఎరుపు, ఆ పైవాళ్ళకి తెలుపు. అన్న అట్ట చెల్లికి పనికిరాదని చెప్పడానికే ఈ రంగులన్నీ.

సముద్రం ఒడ్డున మలేరియా ఏమిటి?

ఇలా అడిగేవాళ్ళూ ఉంటారు. సూర్యలంక ఇసకలో, సరుగుడు తోటల గాలిలో మలేరియా ఎక్కడిదని! నిజమే, అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం మన్యం జిల్లాలతో పోలిస్తే మనకి తక్కువే. ప్రమాదం అక్కడే ఉంది. తక్కువ కాబట్టి మనకి అనుమానం రాదు. ‘ఏదో వైరల్ జ్వరమే’ అనుకుంటూ నాలుగు రోజులు గడిపేస్తాం. కొండలకి వెళ్ళొచ్చినవాళ్ళూ, కూలిపనికి వలస పోయి వచ్చినవాళ్ళూ క్రిమిని వెంట తెస్తారు. కుట్టడానికి అనాఫిలిస్ దోమలు మన బావుల్లో, మూత లేని ట్యాంకుల్లో, పొలాల నీళ్ళలో పెరుగుతూనే ఉంటాయి. అందుకని పిల్లలకి జ్వరమొస్తే డాక్టరుకి మీరే ముందుగా చెప్పండి: ‘మేము ఫలానా ఊరు వెళ్ళొచ్చాం’ అని. ఫాల్సిపేరం ఒకటి రెండు వారాల్లో బయటపడితే, వైవాక్స్ కొన్ని నెలల తరవాత కూడా రావచ్చు. కాబట్టి సంక్రాంతికి వెళ్ళిన ఊరు ఉగాదికి మరిచిపోకండి.

రోజు విడిచి రోజు చలి రావడం పెద్దవాళ్ళ లక్షణం. పిల్లలకి రోజూ జ్వరం రావచ్చు, వాంతులూ విరేచనాలూ కావచ్చు, దగ్గు కూడా ఉండొచ్చు. చూసి చెప్పగలిగేది కాదు. ఒక్క రక్తపుచుక్క చెప్పాలి. ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. పట్టీ పరీక్ష అయితే అరగంట లోపే తెలిసిపోతుంది. ఏ రకం క్రిమో తేలితేనే ఏ మందో తేలుతుంది. ఫాల్సిపేరం ఉన్న పిల్లాడికి షాపులో కొన్న క్లోరోక్విన్ వేస్తూ కూర్చుంటే, మనం ఎదురు చూసే ప్రతి రోజూ క్రిమికే లాభం.

దోమే దీన్ని మోస్తుందని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20న కనిపెట్టాడు. నూట పాతికేళ్ళు దాటింది. అయినా 2023లో ప్రపంచంలో దాదాపు ఆరు లక్షల మందిని మలేరియా పొట్టన పెట్టుకుంది. వాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికాలో ఐదేళ్ళు నిండని పిల్లలు. టీకాలు వచ్చాయి కదా అంటారేమో! 2021లో ఒకటి, 2023లో పూణెలో తయారయ్యే ఇంకొకటి ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదం పొందాయి. ప్రస్తుతం అవి ముఖ్యంగా ఆఫ్రికా పిల్లలకే ఇస్తున్నారు. మన పిల్లల టీకాల పట్టికలో లేవు. మనకున్నవి పరీక్ష, పూర్తి మందు, దోమతెర. అంతే.

చేదు మాత్ర, తల్లి నేర్పు

‘చెప్పడం తేలికే, మింగించడం కదా కష్టం!’ అంటారని తెలుసు. ఈ మాత్రలు ఖాళీ కడుపున వెయ్యకండి. వికారం పెడుతుంది. ముందు రెండు ఇడ్లీలో, కాస్త చారన్నమో పెట్టండి. మాత్ర నలిపి, మెత్తగా చిదిమిన అరటిపండు ముక్క మధ్యలోనో, చెంచాడు బెల్లం పాకంలోనో పెట్టి మింగించండి. గ్లాసుడు పాలలో కలపకండి. పిల్లాడు సగం తాగి వదిలేస్తే మాత్ర ఎంత లోపలికెళ్ళిందో దేవుడికే తెలియాలి. ఏడాది లోపు పిల్లలకి తేనె వద్దు.

మాత్ర వేశాక అరగంట దగ్గర కూర్చోండి. ఆలోపు కక్కేస్తే ఆ మోతాదు పడనట్టే. మళ్ళీ ఎంత వెయ్యాలో డాక్టరునో ఏఎన్ఎమ్ గారినో అడిగి వెయ్యండి. రెండోసారీ కక్కితే ఇంట్లో ఉంచకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

జ్వరంలో లంఖణాలు పెట్టకండి. పలచని గంజి, కొబ్బరినీళ్ళు, మజ్జిగ, బార్లీ నీళ్ళు మాటిమాటికీ పట్టించండి. పాలు తాగే బిడ్డకి తల్లిపాలు ఆపొద్దు. జ్వరం దిగాక పెసరకట్టు, గుడ్డు, ఆకుకూర పెట్టండి. మలేరియా రక్తాన్ని తినేసి పోతుంది. దాన్ని మళ్ళీ పట్టించాల్సింది మన వంటిల్లే.

గుర్తుంచుకోండి

* పరీక్ష లేకుండా మలేరియా మాత్ర వద్దు. పరీక్షకి రక్తం ఇచ్చాకే మొదటి మాత్ర.
* చీటీలో ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ వెయ్యాలి.
* ఒకరి మాత్రలు ఇంకొకరికి వద్దు. మిగిలినవి దాచొద్దు.
* మందు మొదలుపెట్టిన మూడు రోజులకీ జ్వరం దిగకపోయినా, నాలుగు వారాల్లోపు మళ్ళీ వచ్చినా, తిరిగి రక్తపరీక్ష చేయించాలి. మందుకి లొంగనిదో కాదో తేల్చేది అదే, మనం కాదు.
* మూర్ఛ, మగత, ఆగని వాంతులు, తాగలేకపోవడం, ఆయాసం, ఒళ్ళు పాలిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

చివరిగా చెల్లెమ్మా, ఒక చిన్న చిట్కా. మీ వంటింట్లో పాలవాడి లెక్క రాసుకునే కేలండరు ఉంటుంది కదా! పాలు పోయించుకున్న రోజు గీత పెడతారు కదా! పక్కనే బాబు మాత్రకి ఇంకో గీత పెట్టండి. గీత పెట్టే పని మీ అత్తగారికి అప్పగించండి. ‘ఇవాళ్టి మాత్ర వేశావా?’ అని ఆవిడే అడగడం మొదలుపెడతారు చూడండి. డాక్టరు గారు చెప్పిన చివరి రోజు గీత పడ్డాక నాకొక ఉత్తరం రాయండి. వాయిదా పడ్డ ఆవకాయ సంగతులు అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.